బరువు ఎత్తొద్దన్నారు

మా చెల్లి ముప్పై రెండేళ్ళ వయసులో గోచి పోసి చీర కట్టేది. ఈ రోజుల్లో ఎవరు కడుతున్నారండీ? మా అమ్మ కట్టింది, అమ్మమ్మ కట్టింది. మోకాలి లోతు నీళ్ళలో దిగి పడవ దగ్గర చేపల గంపలు అందుకోవాలి గనక కట్టారు. నేను బందరు చేపల మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చునేదాన్ని, నాకే నైటీ మీద తువ్వాలు అలవాటైపోయింది. ఇది మాత్రం పెళ్ళికొచ్చినా గోచే, పడుకున్నా గోచే. అదీ మామూలుగా కాదు, ఊపిరి బిగబట్టి లాగి లాగి కట్టేది.

దాన్ని దివిసీమలో ఇచ్చాం. నాగాయలంక దాటాక ఏటి ఒడ్డున ఊరు. మొగుడు వేటకెళ్తాడు, వేట లేనప్పుడు రొయ్యల చెరువుల మీద కాపలా. అత్తారింటి పద్ధతి కాబోలనుకుని మా వీధి ఆడాళ్ళు "ఏం నాయనమ్మా, కులాసానా" అని ఏడిపించేవాళ్ళు. అది నవ్వేది కాదు. మూతి బిగించుకుని పక్కకెళ్ళిపోయేది. దీనికి పొగరెక్కిందే అనుకునేదాన్ని.

ఆ ఏడు కార్తీక పౌర్ణమికి పిల్లలిద్దర్నీ తీసుకుని మంగినపూడి సముద్ర స్నానానికి వచ్చింది. పిల్లల్ని ఒడ్డున మా ఆయనకి అప్పజెప్పి ఇద్దరం నీళ్ళలోకి దిగాం. జనం, మైకులో తప్పిపోయిన పిల్లల కేకలు, పోలీసు విజిళ్ళు. సముద్రం ఆవేళ పోటు మీదుంది. నడుం లోతులో ఉండగా ఒక అల వచ్చి మా ఇద్దర్నీ ఎత్తి కొట్టింది. నేను ఉప్పునీళ్ళు మింగి, దగ్గి, లేచాను. అది లేవలేదు. నీళ్ళలోనే చతికిలపడి, రెండు చేతులూ కాళ్ళ మధ్య పెట్టుకుని, పళ్ళు కొరుకుతోంది.

"లేవ్వే!" అన్నాను.

"లేవను."

"ఏం, జెల్లీ చేప కుట్టిందా? చెయ్యి తియ్యి, చూస్తాను."

తియ్యదే! ఇంకో అల వచ్చింది. దాన్ని లాక్కుపోతుందేమోనని నాకు భయం, భయమేస్తే నాకు కోపమొస్తుంది. చెంప ఛెళ్ళుమనిపించాను. అందరూ చూస్తున్నారు. చీర గోచి ఊడిపోయి నీళ్ళలో తేలుతోంది. చెల్లిని నా తడి చీర కొంగులో చుట్టి, జబ్బ పట్టుకుని, సరుగుడు చెట్ల వెనక్కి ఈడ్చుకెళ్ళాను. అక్కడ చెయ్యి తీసింది.

ఎర్రగా, ఉల్లిపాయంత ఉంది. కాళ్ళ మధ్య బయటికి వేలాడుతోంది. ఒక పక్క ఒరుసుకుపోయి పచ్చిపుండయింది. రోజూ చేపల పేగులు తీసేదాన్నండీ నేను, అయినా ఒక అడుగు వెనక్కేశాను.

"ఏంటే ఇది?"

"సంచి" అంది. "గర్భసంచి. చిన్నది పుట్టినప్పట్నుంచీ ఇంతే."

చిన్నది అప్పటికి బళ్ళోకి వెళ్తోంది. అన్నేళ్ళూ పాత గుడ్డ ఉండ చేసి, సంచిని లోపలికి తోసి, ఆ ఉండ అడ్డం పెట్టి, గోచి బిగించుకుని తిరిగింది. ఒంటేలుకి వెళ్ళాలంటే వేలితో పైకి నొక్కితే గానీ రాదట. దగ్గినా తుమ్మినా చీర తడుస్తుందట. నడుం ఎప్పుడూ ఎవరో కిందికి గుంజుతున్నట్టే ఉంటుందట. ఆ చెట్ల వెనక తడిబట్టల్తో నిలబడి అది ఒక్కొక్కటీ చెప్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. దాని మీద మండింది, వాడి మీద మండింది, ఆ కాన్పు చేసినవాళ్ళ మీద మండింది.

ఆ కాన్పు సంగతి కూడా అప్పుడే చెప్పింది. బిడ్డ ఎంతకీ రాలేదట. ఆయా ఒకత్తి బల్లెక్కి, మోచేత్తో కడుపు మీద బలమంతా పెట్టి కిందికి తోసిందట. "ముక్కవే, చచ్చినదానా, ముక్కు" అని తొడల మీద కొట్టిందట. బిడ్డతో పాటు ఒంట్లో ఏదో చిరిగిన చప్పుడు తనకే వినపడిందంది. ఇంటికొచ్చాక పచ్చి బాలింతని పట్టుమని నెలైనా కూర్చోనివ్వలేదు. రొయ్య బాగా పడుతున్న రోజులు. తడి గంప నెత్తిన పెట్టారు. ఏటి గట్టు మీంచి రోడ్డుదాకా మోసింది. ఒకరోజు గట్టెక్కుతుంటే ఏదో జారి కిందికొచ్చిందట. చేప ఏదన్నా గంపలోంచి జారి చీరలో పడిందేమోనని చూసుకుందట.

"మరి వాడికి తెలీదా?"

"చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే ఇంకోదాన్ని తెచ్చుకుంటాడు."

చెప్పకపోతే ఊరుకున్నాడా? గోచి ఎందుకు విప్పవే అని తన్నేవాడు. ఎవడికోసం దాచిపెట్టావే అని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టేవాడు. దాని చెవి వెనక ఒక మచ్చ ఉంది, పడవ తాడు తగిలిందని మాకు చెప్పింది. తాడూ లేదు, మట్టీ లేదు. అన్నేళ్ళు దెబ్బలు తింది గానీ జారిందన్న మాట మాత్రం వాడి ముందు నోరు జారి కూడా అనలేదు.

"పద, డాక్టరు దగ్గరికి" అన్నాను.

"బందర్లో వద్దు. ఆస్పత్రిలో మనాళ్ళే కనపడతారు. అవనిగడ్డలో మా అత్తారివైపు వాళ్ళుంటారు, అసలే వద్దు."

అందుకని గుడివాడ వెళ్ళాం. గుడివాడలో మా చేపలు కొనేవాళ్ళు తప్ప మమ్మల్నెరిగినవాళ్ళు లేరు. బందర్లో పాసింజరు బండెక్కితే సీటుంది, అది కూర్చోలేదు. కూర్చుంటే ఒరుసుకుంటుంది. తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని గుడివాడదాకా నిలబడింది. ఎవరో పెద్దాయన "కూర్చో అమ్మా, చోటుంది కదా" అంటే, "దాని ఇష్టం అండీ, మీరు కూర్చోండి" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. పాపం ఆయన చేసిందేముంది?

డాక్టరమ్మగారు నడివయసావిడ. పరీక్ష చేసి, కసురుకోకుండా, ముక్కు మూసుకోకుండా మాట్లాడింది. అందుకే ఆవిడంటే నాకు గురి కుదిరింది. తొడల మీద కమిలిన మచ్చలు చూసి ఏంటివి అంది. "జారిపడ్డానండీ" అంది చెల్లి. "మొగుడు పడ్డాడండీ దీని మీద" అన్నాను నేను. ఆవిడ కలం పక్కన పెట్టి, కేసు పెడతావా అమ్మా అని అడిగింది. చెల్లి తల అడ్డంగా ఊపింది. నేను పళ్ళు నూరాను.

"ఏం పని చేస్తారు మీరు?" అంది.

చెప్పాం.

"అయితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. పొత్తికడుపు అడుగున కండరాలు వల కట్టినట్టుంటాయి. గర్భసంచీ, మూత్రం తిత్తీ, పేగూ ఆ వల మీద కూర్చుంటాయి. సంచిని పైనుంచి పట్టుకునే తాళ్ళు వేరే ఉంటాయి. కాన్పులో కొన్ని సాగాయి, కొన్ని తెగాయి. అవి అతుక్కునేలోపు నువ్వు గంప నెత్తినెత్తుకున్నావు. బరువు మోసినా, మలబద్ధకంతో ముక్కినా, విడవకుండా దగ్గినా ఇంకా కిందికొస్తుంది. ఇది చెడ్డరోగమేం కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. నువ్వు చేసిన తప్పేం లేదు."

"సంచి తీసి పారేస్తే పోదాండీ?" అన్నాను. మా వీధిలో సగంమంది తీయించేసుకున్నారు. నొప్పొస్తే తీయించడం, తెల్లబట్టయితే తీయించడం, పన్ను పీకించుకున్నంత తేలిక మా వాళ్ళకి.

"సంచి చేసిన పాపమేముందమ్మా? తాళ్ళు తెగినప్పుడు తాళ్ళు కట్టాలి. అవి కట్టకుండా సంచొకటి తీసేస్తే, మిగిలింది జారుతుంది. అలా జారి నా దగ్గరికొచ్చేవాళ్ళూ ఉన్నారు."

కొద్దిగా జారితే కసరత్తుతోనే సరిపోతుందట. మూత్రం ఆపుకున్నట్టు లోపల బిగించి, కాసేపాగి, వదలాలి. రోజూ చెయ్యాలి. నేనూ నేర్చుకున్నాను. కత్తిపీట ముందు బొమ్మిడాయిల తోకలు కోస్తూ బిగించేదాన్ని, వదిలేదాన్ని. ఏంటక్కా మొహం అలా పెట్టావు, బేరం కుదర్లేదా అనేవాళ్ళు. దీనికి మాత్రం కసరత్తొక్కటే చాలదన్నారు. ముందు పుండు మానడానికి మందు రాసిచ్చి, మానాక రింగు పెట్టారు. మెత్తటి రబ్బరు రింగు. లోపల పెడితే సంచిని పైన ఆపి ఉంచుతుంది. తీసి కడుక్కుని మళ్ళీ పెట్టుకోవడం దానికే నేర్పించారు. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోమన్నారు.

ఆ రింగు పెట్టుకుని లేచి నాలుగడుగులు వేసింది. ఆగింది. మళ్ళీ నాలుగడుగులు వేసింది. "ఏం లేనట్టుందక్కా" అంది, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని. నా దగ్గరే ఉండవే, వెళ్ళొద్దే అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వినలేదు. ఇప్పుడు గోచి విప్పినా ఇబ్బంది లేదు, ఆయన మారతాడు అంది. మారతాడట!

అత్తారింటికి వెళ్ళాక ఒకరోజు రింగు కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, స్నానానికి నీళ్ళు తోడుకుంటోందట. వాడు వచ్చి చూశాడు. చూసి ఏమనుకున్నాడో తెలుసా? లూప్ అనుకున్నాడు. పిల్లలు పుట్టకుండా వేయించుకునే లూప్. చిన్నదాని తర్వాత దీనికి పిల్లల ఆపరేషన్ అయిపోయింది, మా వైపు ఇద్దరు పుట్టగానే అందరికీ అయిపోతుంది. "ఆపరేషన్ అయినదానికి లూప్ ఎందుకే? అక్క దగ్గరికని వెళ్ళి ఎవడి దగ్గరికెళ్ళొచ్చావే?" అన్నాడు. లూప్ ఎలా ఉంటుందో చూసిన మొహం కాదు వాడిది. ఆపరేషన్ అయినదానికి లూప్ అక్కర్లేదని తెలిసినవాడికి, అక్కర్లేనిది వేయించుకోదనీ తెలియాలి కదా! అంత బుర్రుంటే మనకీ గతెందుకు?

అది చెప్పింది. అన్నేళ్ళు దాచిందంతా అప్పుడు చెప్పింది, నీళ్ళ తొట్టి పక్కన నిలబడి, వణుక్కుంటూ. వాడు నమ్మలేదు. ఏదీ చూపించు అన్నాడు. చూపించింది. చూసి, ఛీ అని ఉమ్మేసి, పొత్తికడుపు కింద కాలితో తన్నాడు. రింగు తీసుకెళ్ళి ఏట్లో విసిరేశాడు.

పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని అవనిగడ్డ వచ్చి, బస్సెక్కి, మార్కెట్ ముందు దిగింది. నేను అప్పుడు సీలావతి కోస్తున్నాను. గోచి కట్టుంది. మూతి పగిలుంది. తొడల మీదుగా నెత్తురు మడమదాకా కారి ఎండిపోయింది. నేను కత్తిపీట తన్నేసి లేచాను. ఆ చేప కొనుక్కున్నావిడ "నా ముక్కలమ్మా" అంటే, "నీ ముక్కలు తగలడా!" అని అరిచాను. ఫోన్ చేసి వాణ్ణి నా నోటికొచ్చినన్ని తిట్టాను. అవి ఇక్కడ రాస్తే అచ్చువేసేవాళ్ళు నన్ను తిడతారు.

మళ్ళీ గుడివాడ. ఈసారి డాక్టరమ్మగారు ఇంకో రింగు పెడతానంటే చెల్లి ఒప్పుకోలేదు.

"ఎవరూ పీకి పారెయ్యలేని వైద్యం లేదా మేడమ్?" అంది.

ఆ మాటకి ఆవిడ తలెత్తి చూసింది. ఉంది, ఆపరేషన్ ఉంది అంది. సంచిని తీసెయ్యకుండానే పైకి లాగి, లోపల గట్టిగా ఉన్న తాడుకి కుట్టెయ్యొచ్చు, కాన్పు దారిలో సాగిపోయిన గోడలు బిగించొచ్చు. అందరికీ ఒకే ఆపరేషన్ సరిపడదు, నీ వయసుకీ నీ ఒంటికీ ఇది నయం అని బొమ్మ గీసి చూపించింది. "కానీ ఒకటి. నేను కుట్టగలను, ఆ కుట్టు గట్టిపడాల్సింది నీ ఒంట్లోనే. మూడు నెలలు బరువు ఎత్తకూడదు. బిందె ఎత్తకూడదు, పిల్లని చంకనెత్తకూడదు. దగ్గొస్తే వెంటనే మందు వాడాలి, ముక్కకూడదు. నేను చెప్పేదాకా భర్త దగ్గరికి వెళ్ళకూడదు. ఈ కుట్టు తెగితే రెండోసారి ఇంత బాగా నిలబడుతుందని చెప్పలేను."

"నా ఇంట్లో ఉంటుందండీ" అన్నాను. "ఎవడొస్తాడో చూస్తాను."

ఆపరేషన్ బాగా అయింది. బందరు తీసుకొచ్చాను. ఇక నా రాజ్యం! బిందె ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నాను. కుక్కర్ దించబోతే గరిటె పట్టుకుని వెంటపడ్డాను. చిన్నది ఒళ్ళోకి దూకబోతే దాన్ని గాల్లోనే పట్టుకుని నా చంకనేసుకునేదాన్ని. మా వీధిలో "మహారాణీవారు లేచారా" అనేవాళ్ళు. మార్కెట్ నుంచి వస్తూ అరటిపళ్ళు, ఆకుకూరలు తెచ్చి, విరేచనం సాఫీగా అయిందా లేదా అని పొద్దున్నే వీధి గుమ్మంలో నిలబడి అడిగేదాన్ని. "మెల్లిగా అడగక్కా, నీకు దణ్ణం పెడతాను" అని తల బాదుకునేది.

ఒకరోజు పొద్దున కుచ్చిళ్ళు పోసి మామూలుగా చీర కట్టుకుంది. లేత పచ్చ చీర. వీధి చివరిదాకా నడిచి వెనక్కొచ్చింది. ఎదురింటావిడ ఏదో వెటకారమాడితే పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ సగంలో ఆగి, నా దగ్గరికి గబగబా వచ్చి, చెవిలో "పడలేదక్కా" అంది. "ఒక్క చుక్క పడలేదు." నేను ఇంట్లోకెళ్ళి పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. అంత సంతోషం నాకు నా పెళ్ళిలో కూడా లేదు.

వాడు మొదటిసారి మంచిగానే వచ్చాడు. మడపీతలు గోతాంలో వేసి కట్టి తెచ్చాడు. "వదినా, తప్పయిపోయింది" అని అరుగు మీద కూర్చున్నాడు. నేను డాక్టరు చెప్పినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. మూడు నెలలూ గడిచాక నువ్వొచ్చి అడుగు, అది వస్తానంటే పంపిస్తాను, రానంటే పంపను అన్నాను. తలూపాడు. పీతలు చెల్లే వండింది. నేను తినలేదు.

రెండోసారి పట్టపగలు తాగి వచ్చాడు. మా ఆయన వేట మీద ఉన్నాడు, పిల్లలు బళ్ళో ఉన్నారు. నేను అప్పుడే మార్కెట్ నుంచి వచ్చి, ఐసు దిమ్మలు పగలగొట్టే కర్ర కడిగి గోడకి ఆనిస్తున్నాను. చెల్లి గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"లే, ఇంటికి పద" అన్నాడు.

"గడువు కాలేదు" అంది.

"నీ గడువు పాడుగాను. కుట్టించుకున్నావు కదా, బాగుపడ్డావు కదా. ఇంకెవడి కోసం కూర్చున్నావు?"

అది లేవలేదు. చింతపండు మీంచి కళ్ళెత్తకుండా, "రాను" అంది. ఆ మాట అంత నిదానంగా వాడి మొహం మీద ఎప్పుడూ అనుండదు. వాడు వంగి దాని జుట్టు చేతికి చుట్టుకున్నాడు. గుమ్మంలోంచి మెట్ల మీదికి ఈడ్చాడు. చింతపండు పళ్ళెం ఎగిరి వీధిలో పడింది. వాడి కాలు పైకి లేచింది. ఎక్కడ తన్నబోతున్నాడో నాకు తెలుసు. కుట్లున్న చోటే.

నేను కొట్టాను. కొట్టానండీ, ఎవరడిగినా చెప్తాను. ఆ కర్ర రెండు చేతులతో పట్టుకుని, ఐసు దిమ్మని ఎలా కొడతానో అలాగే, వాడు లేపిన కాలి మీద కొట్టాను. ఫట్‌మంది. వాడు మెట్ల మీంచి బోర్లా మురుగుకాలవలో పడ్డాడు. మొహం మురుగులో ఉంది. లేవబోయి చేతులు జారాయి. మూలుగుతూ కూడా నన్ను లంజా అన్నాడు. నేను మెట్లు దిగి, కర్ర మళ్ళీ ఎత్తాను. మార్కెట్‌కెళ్ళొచ్చిన నైటీ, చేప నెత్తురు, నా నోట్లోంచి వస్తున్న బూతులు. వీధంతా తలుపుల్లోంచి చూస్తోంది. ఒక్కరూ దగ్గరికి రాలేదు.

అప్పుడు అది లేచింది. జుట్టు విరబోసుకుని మెట్లు దిగి, నాకూ వాడికీ మధ్యకొచ్చి, కాలవలోకి వంగి, వాడి చంకల్లో చేతులు పెట్టింది.

"వద్దే!" అని అరిచాను. "వదిలెయ్యవే, చావనీ! నువ్వు ఎత్తకూడదే!"

ఎత్తింది. వలలు లాగే మనిషి, ఎంత బరువుంటాడో మీరే అనుకోండి. వాడు కాలు ఊతం ఇవ్వలేక మొత్తం దాని మీద వేలాడుతున్నాడు. అది పళ్ళు బిగించి, మెడ నరాలు ఉబ్బిపోయి, కాలవలోంచి వాణ్ణి లేపి, వీధి దాటించి, ఎదురింటి అరుగు మీద కూలేసింది. కూలేసి, ఆ అరుగు కిందే నేల మీద మెల్లిగా కూర్చుంది. రెండు చేతులూ కాళ్ళ మధ్య పెట్టుకుంది.

కర్ర నా చేతిలోంచి ఎప్పుడు పడిపోయిందో నాకు తెలీదు.

వాణ్ణి ఎవరో ఆటోలో ఎక్కించి పంపేశారు. కాలి ఎముక చిట్లిందట, కేసు పెడతానని కొన్నాళ్ళు కబుర్లంపాడు. పెట్టుకోమన్నాను. పెట్టలేదు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

గుడివాడ వెళ్ళేదాకా నేను దాన్ని తిడుతూనే ఉన్నాను. దారంతా తిట్టాను. సిగ్గులేదుటే నీకు, గోడకేసి కొట్టినవాణ్ణి ఎత్తుతావా, ఉమ్మేసినవాణ్ణి ఎత్తుతావా, నేను బిందె ముట్టుకోనివ్వకుండా కాపలా కాసింది ఇందుకా అని. అది కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మగారు పరీక్ష చేసి చేతి తొడుగులు తీసేసింది. తర్వాత, ఒక పక్క కుట్టు తెగిపోయింది, మళ్ళీ జారింది అంది. మునుపటంత కాదు గానీ జారింది. "ఏం ఎత్తావమ్మా? అంతగా చెప్పాను కదా. నీళ్ళ బిందెనా?"

"మొగుణ్ణి ఎత్తిందండీ!" అని నేను అరిచాను. గది బయట కూర్చున్నవాళ్ళు కూడా వినుంటారు. "మురుగుకాలవలో చావబోతున్న వెధవని చంకల్లో చేతులేసి ఎత్తిందండీ! దీనికి వాడే కావాలి! నా కష్టమంతా ఏట్లో కలిపేసింది, వాడి మీద ప్రేమ కారిపోయి!"

చెల్లి బల్ల మీద పడుకునే ఉంది. నా వైపు తల తిప్పింది. దాని కళ్ళలో నీళ్ళు లేవు.

"ఆయన కోసం ఎత్తానంటావేంటక్కా" అంది. "నీ మొహం అప్పుడెలా ఉందో నువ్వు చూసుకోలేదు. ఆ రెండో దెబ్బ తల మీద పడేది. వాడు చచ్చుండేవాడు, నిన్ను పోలీసులు తీసుకెళ్ళిపోయేవాళ్ళు. నీ చేతిలో కర్ర లాక్కునే బలం నాకు లేదు. వాణ్ణి నీ ముందు నుంచి తీసెయ్యడం ఒక్కటే తోచింది. తెగుతుందని నాకు తెలీదా?"

నేను అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. మార్కెట్ మొత్తాన్ని హడలగొట్టే నోరు నాది, పసిపిల్లలా భోరుమంది. డాక్టరమ్మగారు నా భుజం మీద చెయ్యి వేసి, ముందు రింగుతో ఆపుదాం, లోపలంతా మానాక మళ్ళీ కుట్టే సంగతి చూద్దాం అంటోంది. సరేనండీ, పెట్టండి అని చెప్పింది మా చెల్లే.